ఇరవైమూడు కిలోలు

పసిపిల్లల్ని తూచే కొక్కెం తక్కెడకే
నా సూట్‌కేసు యాలాడదీసిన.
నడికూడ సబ్‌సెంటర్ దర్వాజ కొండి కిర్రుమన్నది.
ముల్లు ఇరవైఐదు కాడ గుద్దుకుని ఆగింది,
అంతకంటే దానికి లెక్క రాదు.

పద్దెనిమిదేండ్లు ఈ ముల్లునే చూసిన.
రెండున్నరకు తక్కువైతే నాలుక ఎండేది,
మూడు దాటితే తల్లి మొగం చూసి నవ్వేదాన్ని.
బరువెక్కువైందని భయపడ్డది ఇదే మొదలు.

ఒక్కొక్కటే తీస్తున్న.
పరకాల ఎస్తేరమ్మ తొక్కు డబ్బా, మూడు కవర్ల చుట్టి,
"ఆడోళ్లకు కారం ఎరికో లేదో" అనుకుంట ఇచ్చింది.
రెండో రగ్గు. మలావి కొండల్ల చలి పెడ్తదంటే
ఎవ్వరు నమ్మలే, నేను గూడ సగమే నమ్మిన.
పాటల పుస్తకం తీసిన, పాటలు నోటికొచ్చు,
నూటపన్నెండుల మూడో చరణం తప్ప.
బ్లేడ్లు, దారం, గ్లౌజులు ఉంచిన.

ఆదివారం సాక్ష్యం చెప్పమన్నడు పాస్టరయ్య.
"పిలుపు ఎట్ల వచ్చింది సిస్టర్?"
మంట కనవడలే.
రాత్రిపూట పేరు వెట్టి ఎవ్వరు పిలువలే.
మొన్నటేడు జనవరిల ఒక కాగితం చదివిన:
ఒక కొండ జిల్లా, నలభై ఊర్లు, ఒక్క మంత్రసాని.
మడతవెట్టి బియ్యం డబ్బా కింద దాచిన.
అన్నం వండుదామని డబ్బా జరిపినప్పుడల్లా
అది బయటికొచ్చింది.
అంతే.
ఆమెన్ అనడానికి సంఘానికి కొంచెం టైం పట్టింది.

హార్డ్‌వేర్ కనకయ్య అడిగిండు,
"ఈడ కాన్పులు బందయినయా?"
సగం బందే అయినయి కనకయ్యా.
ఆరో నెలనుంచి హన్మకొండ స్కానింగులు,
తిథి చూసి, గడియ చూసి కోత.
నా బల్ల మీద చీమలు తిరుగుతున్నయి.
అన్న, గని ఆ జవాబు నాకే సరిగ్గ ఆనలే.
పొద్దుమూకినంక మళ్ల యాదికొచ్చింది.

టికెట్టుకు పైసలు పిడికెడు బియ్యంవి.
ఎసట్ల పోసే ముందు ఒక పిడికెడు పక్కకు,
మా సంఘంల ఆడోళ్ల కానుక అది.
దొడ్డువి, సన్నవి, రేషన్‌వి, నూకలు
అన్ని కలిసిన చిత్రమైన కుప్ప,
నెలకోపారి గుడి మెట్ల మీద వేలం.
పందొమ్మిది నెలలు
ఎవరింట్లనో ఒక ముద్ద తక్కువైంది నాకోసం.
"ఇమానంల అన్నం ఇడిశిపెడితే చూడు మరి"
అని రూతమ్మ తాకీదు.

పాస్‌పోర్టుకు పరకాల ఠాణా నుంచి ఒకాయన వచ్చిండు.
"కాగితంల సమ్మక్క, వాడల సలోమి. నువ్వెవలు?"
మేడారం జాతరల పుట్టిన సార్, నాయనమ్మ పెట్టింది ఒకటి.
పదహారేండ్లకు ఎస్సారెస్పీ కాలువల మునిగి లేచినంక
అయ్యగారు పెట్టింది రెండోది.
రెండిటికి పలుకుత.
"జీతమెంత?"
తిండి, ఒక గది.
పెన్ను ఆపి మొగం చూసిండు.
ఆయన చిన్నబిడ్డను బయటికి తీసిన చేతులివి,
అప్పుడు గుర్తువట్టిండు.
చాయ్ తాగకుంటనే దస్కత్ పెట్టిపోయిండు.

అద్దానికి చీటీలు అంటించిన.
మాజి అంటే నీళ్లు. జికోమో, మీ దయ.
కంకని అంటే ముక్కు.
మా దగ్గర ఆ మాటకు మొగం మీది ముక్కు గూడ అర్థమేనని
ఫోన్ల పాఠం చెప్పే పిల్లకు చెప్తే
పడిపడి నవ్వింది.
నొప్పికి మాట ఏందో అడుగుదామనుకుని మర్చిపోయిన.
అది ఆడికిపోయినంక ఎవరో ఒక తల్లి నేర్పుతది.

పొద్దుగాల పర్వీన్ వస్తది, కొత్త ఏఎన్ఎం.
తాళంచెవి, టీకాల రిజిస్టర్, తక్కెడ
రాసి అప్పజెప్పాలె.
ముల్లు సరిగ్గ ఇరవైమూడు మీద నిలవడ్డది ఇప్పుడు.
పర్వీన్ కోసం చీటీ రాసి కొండికి కట్టిన:
"ఇది వంద గ్రాములు ఎక్కువ చూపిస్తది, తీసేసి రాసుకో."

రాసినంక తట్టింది.
వంద గ్రాముల జాగ ఇంక ఉన్నది సంచిల.

బియ్యం డబ్బా మూత తీసిన.